సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక బయటపడే చిన్న కంప్లైంట్లు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

కారు చేతికి వచ్చిన మొదటి నెలలో ఎదురయ్యే ఇబ్బందులకు ఇక్కడ జవాబులున్నాయి. ఆర్‌సీ బదిలీ, ఇన్సూరెన్సు సంగతులు లేవు. పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, టైరు గాలి చూసే గేజి, టార్చిలైటు, 10 నంబరు స్పానరు, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానరు (కారు కంప్యూటరు దాచిన లోపాల కోడ్లు చదివేది) ఉంటే చాలు. పార్టు మార్చమని ఎవరైనా చెబితే, ఆ పార్టే పోయిందని ఏ కొలతతో తేలిందో ముందు అడగండి. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

కారు ఇంటికి తెచ్చాం. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు మేమే ఏం చూసుకోవచ్చు?

రాత్రంతా ఆగి ఉన్న కారును తెల్లారి స్టార్ట్ చేయకముందే చూడాలి. వేడెక్కిన ఇంజను చాలా లోపాలను దాచేస్తుంది. అమ్మేవాళ్లు ముందే ఇంజను వేడి చేసి చూపించేది అందుకే.

బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్ (ఇంజనాయిల్ ఎంతుందో చూపే కడ్డీ) తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు ఒక లీటరు. డీజిల్ బండిలో నూనె నల్లగా ఉంటే కంగారు పడొద్దు, మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. తర్వాత కూలెంట్ డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఆ తర్వాత బండి కింద ఓ పాత అట్టపెట్టె పరిచి మరునాడు తీసి చూడండి. ఎడమపక్క ముందు సీటు కింద పడిన మంచినీళ్ల మరక ఏసీది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పచ్చగానో, ఎర్రగానో, గులాబీ రంగులోనో జిడ్డుగా ఉంటే కూలెంట్. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటే ఇంజనాయిలో గేరాయిలో. చక్రం లోపలి వైపు తడిగా, లేత పసుపు రంగులో ఉంటే బ్రేక్ ఆయిల్ అనుకుని, తేలేవరకు బండి తీయకండి.

ఇంకో పని: కంప్లైంటు ఎప్పుడొస్తోందో రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా? ఏ స్పీడులో? మలుపు ఎటు తిరిగితే? "ఏదో శబ్దం వస్తోంది" అంటే మెకానిక్ పార్టులు ఊహించుకుంటాడు. "60 దాటాక ఊళ వేస్తోంది, కుడికి తిప్పితే పెరుగుతోంది" అంటే నేరుగా ఎడమ చక్రం బేరింగు దగ్గరికి వెళ్తాడు.

కొన్న మూడో రోజున చెక్ ఇంజన్ లైటు వెలిగింది. అమ్మినాయన తన దగ్గర ఎప్పుడూ వెలగలేదంటున్నాడు. ఎలా నమ్మేది?

నమ్మాల్సిన పని లేదు, స్కానరే చెబుతుంది. స్కానరుతో కోడు చెరిపేస్తే లైటు ఆరిపోతుంది కానీ లోపం పోదు. కంప్యూటరు మళ్లీ పరీక్షలు చేసుకుని, లోపం దొరికాక లైటు వెలిగిస్తుంది. దానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. స్కానరు యాప్‌లో "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అనే అంకె ఉంటుంది. కొన్న రోజుకు అది 20 కిలోమీటర్లే చూపిస్తే ఎవరో దగ్గర్లోనే చెరిపారన్నమాట. రెడీనెస్ మానిటర్లు (కంప్యూటరు చేసుకునే ఆ పరీక్షల జాబితా) చాలావరకు "పూర్తికాలేదు" అని ఉన్నా అదే అనుమానం. కాకపోతే, బ్యాటరీ వైరు తీసి పెట్టినా కొన్ని బండ్లలో ఇవే గుర్తులు వస్తాయి. కాబట్టి కొత్త బ్యాటరీ వేశారేమో కనుక్కున్నాకే నిందించండి.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తయారైన కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. పోర్టు స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర ఉంటుంది. తాళం ఆన్ చేసి స్కానరు గుచ్చండి. చెరిపే ముందు కోడుతో పాటు వచ్చే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫొటో తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజను వేడి, ఆర్‌పీఎం, స్పీడు అందులో ఉంటాయి.

కోడు ఏ పార్టు పోయిందో చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. పి0171 అంటే పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని. ఎయిర్ ఫిల్టరు తర్వాత ఉండే రబ్బరు గొట్టం పగిలినా, సన్న వాక్యూమ్ గొట్టం ఊడినా ఇదే వస్తుంది. ఆక్సిజన్ సెన్సారు కొనేయడానికి ముందు ఆ గొట్టాల మడతలు విప్పి చూడండి. పి0302 అంటే రెండో సిలిండరు మిస్సింగ్. ఇక్కడ పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజను ఆపి, రెండో సిలిండరు మీది కాయిల్ (ప్లగ్గుకు స్పార్కు కరెంటు ఇచ్చేది) తీసి మూడోదాని మీద, మూడోది రెండోదాని మీద పెట్టండి. కోడు చెరిపి కాసేపు తిప్పండి. ఇప్పుడు పి0303 వస్తే కాయిలే పోయింది. పి0302 అలాగే ఉంటే ప్లగ్గులు మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టరు. ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న బండ్లలోనే ఇది కుదురుతుంది.

లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడిపి ఇంటికి చేరవచ్చు. టపటపా ఆరి వెలుగుతుంటే మాత్రం రేస్ ఇవ్వకండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరుకు చేరి దాన్ని మాడ్చేస్తుంది. దాని ఖరీదు కాయిల్ ఖరీదుకు ఎన్నో రెట్లు.

మా బండిలో ఏ హెచ్చరిక లైటూ వెలగదు. అంటే అంతా బాగున్నట్టేగా?

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా చూడండి. చెక్ ఇంజన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి, స్టార్టయ్యాక కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వాటిలో ఏదైనా అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండొచ్చు, లేదా వేరే లైటుతో వైరు కలిపి ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటు విషయంలో ఇది మరీ ప్రమాదం.

పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు. బ్యాటరీ మార్చేయాలా?

ముందు కొలవండి. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.0 అయితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనం. స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12 దగ్గరే ఆగితే తప్పు ఆల్టర్నేటరుదో (బ్యాటరీని చార్జి చేసేది, పాత మెకానిక్‌లు డైనమో అంటారు), దాని బెల్టుదో. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా వారంలో మళ్లీ చస్తుంది. కొన్ని కొత్త మోడళ్లలో చార్జింగును కంప్యూటరు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అక్కడ హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొలవండి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, రుషికొండ వైపు ఆరుబయట పార్క్ చేసే బండ్లలో బ్యాటరీ బాగానే ఉండి టెర్మినల్ చెడటం మామూలు. టెర్మినల్ మీద తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకుంటుంది. బయటికి శుభ్రంగా కనిపించినా, క్లాంపు విప్పితే లోపలి వైపు నల్లటి పొర ఉంటుంది. 10 నంబరు స్పానరుతో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక సన్న ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన వాసలిన్ పూయండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

రెండు రోజులు ఆగితే దిగిపోయే బ్యాటరీ అయితే, బండి ఆగి ఉండగా ఎవరో కరెంటు తాగుతున్నట్టు. పాత కారులో మొదటి అనుమానం బయట వేయించిన స్టీరియో, సెంట్రల్ లాక్, డ్యాష్‌క్యామ్ మీద. మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, నెగటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య కలపండి. తలుపులు లాక్ చేసి అరగంట ఆగండి, కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు దాటి చూపిస్తే ఒక్కో ఫ్యూజు తీసి చూడండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైన్లోనే దొంగ ఉంది. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టారంటే మీటరు ఫ్యూజు పోతుంది.

బ్రేకు తొక్కితే వెనక ఇండికేటరు కూడా మసకగా వెలుగుతోంది. ఇదేం విడ్డూరం?

విడ్డూరమేం కాదు, ఎర్త్ పోయింది. వెనక లైట్లన్నీ కరెంటును తిరిగి బాడీకి పంపడానికి ఒకే ఎర్త్ బోల్టును వాడుకుంటాయి. అక్కడ తుప్పు పడితే కరెంటు దారి దొరక్క పక్క బల్బులోంచి వెళ్తుంది. ఉప్పుగాలి ఊరు కాబట్టి ఇక్కడ బల్బు, రిలే, స్విచ్చి మార్చే ముందు ఎర్త్ చూడటం అలవాటు చేసుకోవాలి. డిక్కీ లైనింగు తీస్తే టెయిల్ ల్యాంపు వెనక, బాడీకి బోల్టు వేసిన నల్లటి వైర్ల కట్ట కనిపిస్తుంది. బోల్టు విప్పితే కంటి రింగు కింద ఎర్రటి పొడి రాలుతుంది. రింగునూ, దాని కింద బాడీ రేకునూ మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, బోల్టు బిగించి, వాసలినో గ్రీజో పూయండి.

ఇంజను ఎర్త్ సంగతి ఇలా తేల్చుకోవచ్చు: మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజను మీద గీకిన చోట పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపుండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ మార్చాలి. సెల్ఫ్ నీరసంగా తిరగడం, హెడ్‌లైట్లు మినుకుమినుకుమనడం, సెన్సారు కోడ్లు అర్థం లేకుండా రావడం, మూడింటికీ ఈ ఒక్క పట్టీ కారణం కావచ్చు.

ఏసీ చల్లగా రావడం లేదు. గ్యాస్ కొట్టిస్తే సరిపోతుందా?

ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా కొట్టించిన గ్యాసు మళ్లీ వేసవికి ఉండదు.

ముందు గ్లవ్ బాక్సు వెనక క్యాబిన్ ఫిల్టరు తీయండి. పోర్టు వైపు, జ్ఞానాపురం, గాజువాక వైపు తిరిగిన బండ్లలో అది నల్లటి దుమ్ముతో అట్టలా ఉంటుంది. ఫిల్టరు లేకుండా రెండు నిమిషాలు ఏసీ వేసి చూడండి, గాలి జోరు పెరిగితే కొత్తది వేస్తే చాలు. తర్వాత బోనెట్ ఎత్తి ఏసీ వేయించండి. రేడియేటర్ ఫ్యాను తిరగాలి, కంప్రెసరు ముందు పళ్లెం, అంటే క్లచ్, టక్కుమని అంటుకోవాలి. కొన్ని కొత్త మోడళ్ల కంప్రెసరులో ఆ క్లచ్ ఉండదు, అక్కడ టక్కు కోసం చూడకండి. కదులుతున్నప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడిగాలి వస్తే ఫ్యానుదో కండెన్సరుదో తప్పు.

కండెన్సరు అంటే రేడియేటరు ముందుండే పల్చటి జల్లెడ. సముద్రం పక్క బండ్లలో దాని అల్యూమినియం రెక్కలు తెల్లబడి, వేలితో తాకితే బూడిదలా రాలిపోతాయి. ఆ స్థితికి వస్తే కడగడం కాదు, మార్చడమే. ఇంకా గట్టిగా ఉంటే మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్‌తో దగ్గర్నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి.

డ్యాష్‌బోర్డు మధ్యలో ఏసీ గాలి వచ్చే గొట్టంలో థర్మామీటరు పెట్టి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) వేసి, పది నిమిషాలు నడపండి. మన మే నెల ఉక్కలో 8 నుంచి 12 డిగ్రీలు వస్తే ఏసీ ఆరోగ్యంగానే ఉన్నట్టు. మొదట బాగా చల్లగా ఉండి అరగంటకు గాలే రాకుండా పోయి, కాసేపు ఆపితే మళ్లీ వస్తోందంటే లోపల ఏసీ కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. దానికి కారణం మురికి ఫిల్టరు, చెడిపోయిన థర్మిస్టరు (ఆ కాయిల్ చల్లదనం చూసే సెన్సారు), తగ్గిన గ్యాసు, ఈ మూడింట్లో ఒకటి.

గ్యాసు ఎక్కించాల్సివస్తే లీకు పరీక్ష నైట్రోజనుతో చేయించి, వాక్యూమ్ లాగించి, తూకం వేసి ఎక్కించమనండి. ఎన్ని గ్రాములో బోనెట్ లోపలి స్టిక్కరు మీద ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా అర కిలో లోపే. "చల్లగా వచ్చేదాకా కొడదాం" అనేవాడి దగ్గర ఆగొద్దు. గ్యాసు ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసరు మీద భారం పడుతుంది.

ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉంటోంది. వరదలో మునిగిన బండేమో?

ఎప్పుడు తడుస్తోందో చూడండి. ఏసీ వేసిన రోజునే, ఎడమపక్కనే తడిస్తే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయింది. బండి కింది నుంచి ఆ రబ్బరు ముక్కులో సన్న ప్లాస్టిక్ తీగతో మెల్లగా కదిపితే నీళ్లు ధారగా కారతాయి. జిడ్డుగా, తీపి వాసనతో తడిసి అద్దం లోపలి వైపు పొగమంచు పడితే అది డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ నుంచి కారే కూలెంట్. వర్షానికే తడిస్తే ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి ఆకులు తీసి చూడండి. ఆ నీటి దారి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానులో చెట్లు పడి టాపు సొట్టపోయిన బండ్లకు తర్వాత టింకరింగ్ చేయించారు. అంత పాత కారైతే అద్దం చుట్టూ సీలు కూడా అనుమానించండి.

వరద అనుమానం తీరాలంటే సీటు బెల్టును చివరిదాకా లాగండి. చుట్టలో దాగే చివరి మూర మీద బురద గీత ఉంటే బండి మునిగిందే. సీటు కింది పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట అడుగు కూడా చూడండి. అలాంటి బండిలో ఎలక్ట్రికల్ కంప్లైంట్లు ఒకటి తీరితే ఇంకొకటి మొదలవుతాయి.

కూలెంట్ డబ్బాలో ఎర్రమట్టి నీళ్లలా ఉంది. ఆయిల్ మూత కింద పాలనురగ లాంటిది ఉంది. ఇంజను పోయినట్టేనా?

రెండూ వేర్వేరు సంగతులు. ఎర్రనీళ్లంటే ఎవరో కూలెంట్ బదులు కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోస్తూ వచ్చారు. బీచ్ పక్క కాలనీల బోరు నీళ్లలో ఉప్పుంటుంది, అది రేడియేటరును తినేస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాక ఖాళీ చేసి, డిస్టిల్డ్ వాటరుతో రెండు మూడుసార్లు కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి నింపాలి. గాలి బుడగలు తీయడం మరవొద్దు. వేడి మీద మూత తీస్తే మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

మూత కింది నురగ విషయంలో మాత్రం తొందరపడి హెడ్ విప్పించకండి. తేమ ఎక్కువున్న ఊరు, రోజూ రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడే అయితే ఆవిరి ఆరక మూత కింద అలా పట్టేస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె మామూలుగా ఉండి, కూలెంట్ తగ్గకపోతే ఓసారి హైవే మీద గంట నడిపితే పోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా కాఫీ పాల రంగుంటే, లేదా కూలెంట్ డబ్బాలో జిడ్డు తేలితే హెడ్ గ్యాస్కెట్టో ఆయిల్ కూలరో. అప్పుడు స్టార్ట్ చేయకుండా టోయింగ్‌కు పిలవండి.

స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద టకటకమంటోంది. సస్పెన్షన్ అంతా మార్చాలన్నారు.

అంతా మార్చడం చాలా అరుదు. చిన్న గతుకులకు కూడా టకటకమంటే ముందు లింక్ రాడ్లు చూడాలి. అవి చవక, మార్చడమూ తేలిక. పెద్ద దెబ్బకే దడ్డుమంటే ఆర్మ్ బుష్‌లు. ఆగిన చోటే స్టీరింగు తిప్పితే బుర్రుమని శబ్దమొస్తే స్ట్రట్ మౌంటు బేరింగు. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టిక్ టిక్ అంటే యాక్సిల్ జాయింటు. చక్రం లోపలి వైపు రబ్బరు బూటు చిరిగి రిమ్ము మీద గ్రీజు చిమ్మి ఉంటుంది. శబ్దం ఇంకా మొదలవకపోతే బూటు, గ్రీజు మారిస్తే జాయింటు బతుకుతుంది.

షాక్ అబ్జార్బర్ల కోసం ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి. ఊగుతూనే ఉంటే, లేదా షాక్ మీద నూనె తడి ఉంటే మార్చాలి, అదీ జతగా.

పొద్దున మొదటి బ్రేకుకు కిర్రుమంటోంది.

రాత్రి తేమకు డిస్కు మీద పల్చటి తుప్పు పట్టింది. నాలుగైదు బ్రేకులకు పోతే వదిలేయండి. రోజంతా కీచుమంటే ప్యాడ్లు చూడండి, 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. వర్షంలో తిరిగొచ్చి హ్యాండ్ బ్రేకు లాగి వారం వదిలేస్తే వెనక షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డుపెట్టి వదలడం మేలు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొన్న వెంటనే మార్పించండి, అది గాలిలో తేమను పీలుస్తుంది.

బండి ఎడమకు లాగుతోంది. అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం పట్టించండి. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైరుది. మారకపోతే కాసేపు నడిపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మరీ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది. 80 నుంచి 100 మధ్య స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్. టైరు వయసు పక్కనున్న నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. అరుగు బాగున్నా ఆరేళ్లు దాటితే పక్కల పగుళ్లు చూడండి.

సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు క్లచ్ వాసన వచ్చింది.

రద్దీలో ఆగి ఆగి ఎక్కినప్పుడు ఒకసారి వాసన వస్తే ప్లేటు పోయినట్టు కాదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 దగ్గర ఒక్కసారిగా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిసి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. కైలాసగిరి నుంచి దిగేటప్పుడు గానీ, అనంతగిరి ఘాట్‌లో గానీ రెండో గేరులో దిగండి. బ్రేకు మీదే దిగితే, మంచి బ్రేకులు కూడా కింద పట్టవు.

బీఎస్-6 డీజిల్ బండి, డీపీఎఫ్ లైటు వెలిగింది.

మద్దిలపాలెం నుంచి ద్వారకానగర్ దాకా రోజూ తిరిగే బండికి ఇది తప్పదు. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు. అందులో మసి కాలడానికి సైలెన్సరు బాగా వేడెక్కాలి, సిటీ ట్రాఫిక్‌లో అది జరగదు. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు వరసల రోడ్డెక్కి, ఆర్‌పీఎం 2000 పైన ఉంచుతూ 60 నుంచి 80 స్పీడులో ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. లైటు ఆరకపోతే, లేదా దానితో పాటు చెక్ ఇంజన్ లైటు వస్తే ఆ మసి కాల్చే పని వర్క్‌షాపులో స్కానరుతో చేయించాలి. మసి కాల్చే ప్రయత్నాలు మధ్యలో ఆగిపోవడం వల్ల డీజిల్ ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ పై గీత దాటి నూనె కనిపిస్తే ఆయిల్ మార్చాల్సిందే.

పవర్ విండో ఈడ్చుకుంటూ పైకి వస్తోంది. మోటారు పోయిందా?

ముందు అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

ఆటోనగర్‌లో ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

కంప్లైంటు చెప్పండి, మందు మీరు చెప్పకండి. "డైనమో మార్చండి" అంటే మారుస్తారు, పాతది బాగున్నా సరే. "స్టార్టయ్యాక 12.3 దగ్గరే ఉంటోంది, బెల్టు బిగువుగానే ఉంది" అని మీ కొలతలు చెప్పండి. తీసిన పాత పార్టు మీ చేతికి ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. ఒకేసారి నాలుగు పార్టులు మార్పించకండి, ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మాత్రం పాత బిల్లులు లేకపోతే ఒకేసారి మార్చేయండి. ఆ రోజు మీటరు మీది కిలోమీటర్లు బిల్లు మీద రాయించుకోండి.